గోడకు పద్నాలుగు చెవులు

టైల్స్ మేస్త్రీ వంటింటి మూలన సుత్తె పిడితో నేలను తట్టి, చెవి వంచి విన్నాడు. డాక్టరు రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టినట్టు ఇంకో మూడు చోట్ల తట్టి, మళ్ళీ ఆ మూలకే వచ్చాడు.

"మేడమ్, ఈడ డొల్ల పలుకుతాంది," అన్నాడు. "పాత సుతారి ఎవరో గని మోసం జేసిండు. లోపల నింపకుంట పైన బండ గప్పి పోయిండు. ఇన్నేండ్ల సంది మీరు గాలి మీదనే నిలబడ్డరు."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అందులో సగం నేలకే పోశాను.

డొల్ల ఉందని తెలిసి కాదు. ఆ మూలన డొల్ల ఉందని ఈ భూమ్మీద తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నా చేత టీ ఒలికించింది ఆ 'మోసం' అన్న మాట. అదే మనిషి మీద, అదే ఇంట్లో, అటువంటి నింద పడటం ఇది రెండోసారి. మొదటిసారి వేసింది నేనే. అప్పుడు నాకు పదేళ్ళు.

నర్సంపేట రోడ్డు మీద, ఊరు అయిపోయిందని అందరూ అనుకునే చోట మా ఇల్లు మొదలయ్యేది. అరెకరం జాగ, ఒక బావి, రెండు బర్రెలు, నాలుగు టమాట మళ్ళు, వాటి మధ్యన గూన పెంకల మట్టిల్లు. పెంకలూ గూనవే, నాయినమ్మ నడుమూ గూనదే, రెండూ ఒకే ఏడాది వంగాయని అమ్మ అనేది. నాయినమ్మ బావి దగ్గరున్నప్పుడు మాత్రమే అనేది. బాపుది డోర్నకల్‌లో రైల్వే పని. శనివారం సాయంత్రం ప్యాసింజర్‌లో దిగి, సోమవారం పొద్దు పొడవకముందే వెళ్ళిపోయేవాడు. మా లెక్కన ఆయన వారానికి ఒకటిన్నర రోజుల నాన్న.

ఆ ఎండాకాలం బాపు ఇల్లు బాగు చేయించడం మొదలుపెట్టాడు. గూన పెంకలు దించి బెంగుళూరు పెంకలు ఎక్కించాలి, ఒరిగిన మట్టి గోడలు పడగొట్టి ఇటుకతో కట్టాలి. మిరుగం లోపల అయిపోవాలి. మృగశిర కార్తెను మా వైపు మిరుగం అంటారు. అది వచ్చిందంటే వాన వచ్చినట్టే. పనికి ఒప్పుకున్నది మట్టెవాడ వెనక గల్లీలో ఉండే ముసలి సుతారి. తాపీ పని చేసేవాళ్ళను మేము సుతారి అనే అంటాం. నేను ఆయన్ని సుతారి తాత అనేదాన్ని. ఆయన నన్ను చెవులపిల్లీ అనేవాడు.

చెవులపిల్లి అంటే కుందేలు. నా చెవులు ముఖం కంటే రెండేళ్ళు ముందు పెరిగాయి. వాటికి నాయినమ్మ పెట్టించిన గంటీలు ఇంకాస్త ముందుకు లాగేవి. పెద్దవాళ్ళు మాట్లాడుకునే చోట ఆ చెవులు తప్పకుండా ఉండేవి, కాబట్టి పేరుకు తగిన పనే చేసేదాన్ని.

ఇంట్లో అన్ని గోడలకూ గండం వచ్చింది, వంటింటి వెనక గోడకు తప్ప. ఆ గోడ మూలన కూరాడు ఉండేది. కూరాడు అంటే ఇంటి దేవతగా కొలుచుకునే కుండ. పసుపు పూసి, సున్నం బొట్లు పెట్టి, ఒకదాని మీద ఒకటిగా నిలిపిన ఆ కుండలకు మా ఇంటికొచ్చిన ప్రతి కోడలూ మొదటి మొక్కు మొక్కింది. దాన్ని కదిలించొద్దని నాయినమ్మ మాట.

"కూరాడు కుంగితే ఇల్లు కుంగుతది. ఆ గోడ జోలికి పోకుండ్రి," అంది.

"గోడ నిన్ను జూసి నేర్చుకున్నదక్కా, వంగింది గని పడది," అన్నాడు సుతారి తాత. నాయినమ్మ కోపం నటించి, ఆ మధ్యాహ్నం ఆయనకు సర్వపిండి అంచు ముక్క పెట్టింది.

ఆ సర్వపిండి గురించి చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారం, కరివేపాకు కలిపి, నూనె రాసిన సర్వ గిన్నె లోపల చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టేది. ఆ చిల్లుల్లో నూనె చుక్కలు చుంయ్‌మంటుంటే, తొక్కిన మట్టి పులిసిన వాసన మీదుగా ఆ వాసన వచ్చి పని ఆపించేది. సుతారి తాతకు మాడిన అంచే కావాలి. వంటింటి గడపకు ఇవతల పీట వేసుకుని, ఒక్కో పలుకు కొరుకుతూ, "సిమెంట్‌కు గింత పట్టు లేదక్కా," అనేవాడు.

ఒక శనివారం బాపు మూత కట్టిన గంపతో దిగాడు. డోర్నకల్‌లో ఎవరో డ్రైవరు దొర బదిలీ మీద పోతూ ఇచ్చి పోయాడట. గంప మూత తీసేసరికి అందరం వెనక్కి జరిగాం. పాల లాంటి తెలుపు, రక్తం లాంటి కళ్ళు. మేం చూసిన కుందేళ్ళన్నీ చేను గట్ల మీద పరుగెత్తే మట్టిరంగువి.

"గిదేందిరా," అంది నాయినమ్మ. "ఇల్లు కాకముందే చెవులపిల్లులకు సున్నమేయించినవా?"

ఒకటి మగది, ఒకటి ఆడది. వాటికి ఇల్లు కట్టడం కూడా సుతారి తాత మీదే పడింది. పని జరగని గోడ కూరాడు గోడ ఒక్కటే కాబట్టి, దాని బయటి వైపు ఆనించి కట్టాడు. పాత ఇటుక ముక్కలతో మూడు వైపులా గోడ, దించిన వాసాలతో కప్పు, ముందర ఇనుప జాలి తలుపు, గొళ్ళెం. కింద మట్టి నేల.

"అడుగున బండలు పరుద్దామా? తవ్వుకొని పోతయేమో," అన్నాడు బాపు.

సుతారి తాత నవ్వాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనకు వేట పిచ్చి ఉండేది. "సారూ, నర్సంపేట దిక్కు అడివిల నేను జూసినన్ని కుందేళ్ళు మీరు రైలు డబ్బాలు గూడ జూసి ఉండరు. కుందేలు బొర్రె తవ్వదు. గడ్డిల కాళ్ళు ముడుసుకొని పండుకుంటది. బండ మీదుంటే కాళ్ళు పుండ్లయితయి." తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఇగ మీ నాయినమ్మ తొక్కు, నా కుందేలు కూర కలిసినయనుకో..." అని కన్ను గీటాడు. నేను గంపను కడుపుకు హత్తుకున్నాను.

ఆయన చెప్పింది నిజమే. ఆయన చూసిన కుందేళ్ళు తవ్వవు. గడ్డిలోనే పుడతాయి, గడ్డిలోనే పెరుగుతాయి. ఈ సీమ కుందేళ్ళకు మాత్రం తవ్వడం తప్ప వేరే పనే లేదు. రెండు వేరు వేరు జంతువులు ఒకే పేరులో కాపురం ఉంటున్నాయని ఆయనకు ఎవరు చెప్తారు? నాకే కాలేజీలో తెలిసింది, అదీ పరీక్షలో ఆ ప్రశ్న తప్పు రాశాక.

కుందేళ్ళ ఇల్లు రోజూ పొద్దున ఊడ్చడం నా పని. మూడు రోజులు బుద్ధిగా ఊడ్చాను. నాలుగో రోజు ఇసుక కుప్ప పిలిచింది, ఐదో రోజు మామిడికాయలు. ఆ తర్వాత పాత గడ్డి మీదే కొత్త గడ్డి పడేసి వచ్చేదాన్ని. మూలన గడ్డి మెత్తగా, ఎత్తుగా పేరుకుంది. పైనుంచి చూస్తే పరుపులా అందంగానే ఉండేది.

ఒక సాయంత్రం గడ్డి వేయబోతే మగది ఒక్కటే కనిపించింది. తలుపుకు గొళ్ళెం పెట్టినట్టే ఉంది.

నాయినమ్మ వచ్చి చూసింది. "పొద్దున ఊడ్చినవా?" అని అడిగింది.

"ఊడ్చిన."

"కింద బొర్రె గిట్ల ఉన్నదా?"

"ఏం లేదు. సాఫున్నది."

అక్కడితో ఆగితే బాగుండేది. అబద్ధం కూడా సుతారి పనే. ఒక వరస వేశాక రెండోది వేయకపోతే నిలబడదు. "సుతారి తాత పోంగ తువ్వాల మూట పట్టుకపోయిండు," అన్నాను. నాయినమ్మ, అమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుందేలు తవ్వదు. గొళ్ళెం తనంతట తాను తీసుకోదు. ఇంక మిగిలింది మనిషే. తవ్వదని ఆయన చెప్పిన మాటే ఆయన మీద సాక్ష్యం చెప్పింది.

మర్నాడు ఆయన సైకిల్ దిగుతుండగా నాయినమ్మ టమాటలు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"రాత్రి కూర కమ్మగున్నదా సుతారీ?"

"ఏం కూరక్కా? పచ్చిపులుసే గద."

"పచ్చిపులుసుల బొక్కలుంటయా?" మా వైపు బొక్కలంటే ఎముకలు.

ఆయన నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగాడు. "ఆడది కనవడ్తలేదు పెద్దయ్యా," అంది అమ్మ మెల్లగా. ఆయన గబగబా కుందేళ్ళ ఇంటి దగ్గరికి పోయి వంగి చూశాడు. "తవ్వింద..." అని మొదలుపెట్టి, "తవ్వదు గద," అని తనే మింగేశాడు.

"నువ్వు మూట పట్టుకపోంగ చిన్నది జూసిందట," అంది నాయినమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం మూట బిడ్డా?"

"తువ్వాల మూట. మెదులుతుండె," అన్నాను.

ఆ 'మెదులుతుండె' ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోట్లోంచి వచ్చిన మాట విని అందరికంటే ఎక్కువ అదిరిపోయింది నేనే.

ఆయన తువ్వాల విప్పి అరుగు మీద పరిచాడు. తాపీ, దారపు ఉండ, సొట్ట టిఫిను, గోడ నిటారు చూసే ఇనుప గుండు. దారం పట్టుకుని గుండును ఎత్తాడు. అది అటూ ఇటూ ఊగింది. "మెదిలేది గిదే," అన్నాడు. గోడ వంకరను అది చెప్పగలదు. నా వంకరను చెప్పడం దాని వల్ల కాలేదు.

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటవ్. గంతేనా?"

ఆ సామెత నాకు తెలుసు. పట్టిన పట్టు విడవనివాళ్ళను అనేది. తల దించుకుని, "మూడే," అన్నాను.

ఆయన తువ్వాల మళ్ళీ మూట కట్టి, సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి సగం పెంకలు ఉన్నాయి, సగం ఆకాశం ఉంది. మిరుగానికి పన్నెండు రోజులుంది.

శనివారం బాపు వచ్చి విషయం విని, చేతి సంచి దించకుండానే నిలబడిపోయాడు. ఆదివారమంతా సైకిల్ మీద తిరిగి ఇద్దరు మేస్త్రీలను అడిగాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారట. ఒక సుతారి సగం చేసిన పనిలో ఇంకో సుతారి చెయ్యి పెట్టడు, ఆయన నోటితో చెప్తేనే వస్తాం. బాపు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాడు. అరువుకు తెచ్చిన తాడిపత్రి పట్టా కప్పు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు.

ఆ రోజుల్లో ఒక వింత గమనించాను. మిగిలింది ఒక్క కుందేలే అయినా గడ్డి మాత్రం రెండింటికి సరిపడా తరుగుతోంది. పాపం దిగులుతో తింటోందనుకున్నాను. నేనూ అంతే. ఆ వారం దిగులుతో రోజుకు నాలుగు పూటలు తిన్నాను.

మిరుగానికి నాలుగు రోజుల ముందు, సాయంత్రం వాన పడింది. ముందుగా దుమ్ము, తర్వాత మట్టి వాసన, ఆ వెనకే తాడిపత్రి మీద రాళ్ళు దొర్లినట్టు చప్పుడు. గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టాం. ఎండిన అర్ర ఒక్కటే. అందరం దాంట్లోనే ముడుచుకున్నాం, సుతారి తాత చెప్పిన అడవి కుందేళ్ళలాగా.

తెల్లవారి పొయ్యి ముట్టించబోయిన నాయినమ్మ అక్కడే కూలబడింది. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది. మేం పరుగెత్తి వెళ్ళేసరికి వేలు చూపించింది.

కూరాడు కుంగింది. కింది కుండ ఒక పక్కకు జానెడు దిగిపోయి, పై కుండ గోడకు తల ఆనించి నిలబడింది. చుట్టూ నేల అరచేయంత మేర లోపలికి పోయింది.

"నా నోరు పాడుగాను," అంది నాయినమ్మ. "పని చేసేటోని ఉసురు తాకింది."

అప్పుడు కుండ పక్కన మట్టి కదిలింది. "పాము," అంది అమ్మ. బాపు కర్ర ఎత్తాడు. మట్టి మళ్ళీ కదిలింది, పగిలింది, అందులోంచి ఒక చెవి లేచింది. తెల్లగా, పొడుగ్గా, మట్టి అంటుకుని. దాని వెనక రెండోది.

బాపు ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. ఆడ కుందేలు కూరాడు పక్కన పైకెక్కి, మమ్మల్ని చూసి, ఒళ్ళు దులుపుకుంది. బాపు కుండలను మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, చేత్తో మట్టి తీశాడు. లోపల, అది తన పొట్ట మీది బొచ్చు పీకి పరిచిన పరుపు మీద, కళ్ళు తెరవని పిల్లలు ఆరు.

గోడలకు చెవులుంటాయని విన్నాను. మా గోడకు పద్నాలుగు ఉన్నాయి. అది ఇన్నాళ్ళూ నా అబద్ధాలు వింటూ ఉందన్నమాట.

బాపు బయటికి పోయి కుందేళ్ళ ఇంట్లో మూలన పేరుకున్న గడ్డిని ఎత్తాడు. కింద బొర్రె నోరు తెరుచుకుని ఉంది. గడ్డి అడుగు పొరలు కుళ్ళి నల్లబడ్డాయి. నేను ఊడ్చి ఎన్నాళ్ళైందో ఆ పొరలే చెప్పాయి. నన్ను ఎవరూ కొట్టలేదు. నాయినమ్మ, "మెదిలిందంటివి గద బిడ్డా," అని మాత్రం అంది. కొడితే బాగుండేది.

బాపు నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని మట్టెవాడ తీసుకెళ్ళాడు. దారంతా ఒక్క మాటే. "నువ్వే చెప్పాలె." గడపలో సుతారి తాత భార్య చేటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చెరగడం ఆపింది. నేను బాపు వెనక్కి జరిగాను. చివరికి బాపే జరిగింది చెప్పి, "తప్పైంది," అన్నాడు.

"తవ్విందా?" అన్నాడు సుతారి తాత. ఆయన నమ్మలేకపోయింది మా తప్పును కాదు, కుందేలును. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. "పనికొస్త సారూ. పని నడుమ ఇడిస్తే సుతారికి మంచిది గాదు."

వచ్చాడు. రెండు రోజులు పొద్దస్తమానం పెంకలు ఎక్కించాడు. కానీ మధ్యాహ్నం సర్వపిండి వాసన వచ్చినా వంటింటి గడప దగ్గరికి రాలేదు. ఇసుక కుప్ప మీద కూర్చుని, తన సొట్ట టిఫిను విప్పుకుని, వీపు మా వైపు పెట్టి తిన్నాడు. నాయినమ్మ అంచు ముక్క విస్తరాకులో పెట్టి పంపింది. "కడుపు నిండిందక్కా," అన్నాడు. మా బావి నీళ్ళు కూడా తాగలేదు. సీసాలో తెచ్చుకున్నాడు.

మూడో రోజు మిరుగం. నాయినమ్మ పొద్దున్నే అందరి నోట్లో ఇంగువ, బెల్లం ఉండ పెట్టింది. పెంకలు అయిపోయాయి. మిగిలినవి రెండు పనులు. కుందేళ్ళకు కొత్త ఇల్లు, కూరాడు కింద డొల్ల. సుతారి తాత పాత వాసాలు కోసి, వెదురు బద్దలతో అడుగు అల్లి, నేలకు మూడడుగుల ఎత్తున నిలబడే పెట్టె చేశాడు. ఒక కాలు పాతాడు. రెండోది పాతాడు. మూడోది పాతి, నాలుగో మూల కింద ఏమీ పెట్టకుండానే చేతులు దులుపుకుని ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు.

పెట్టె ఒక పక్కకు ఒరిగి, ఎవరి కోసమో వంగి చూస్తున్నట్టు నిలబడింది.

"తాతా, ఇంకో కాలు?" అన్నాను.

"ఎందుకు బిడ్డా? నీ కుందేలుకు మూడే గద."

నవ్వలేదు. టిఫిను మూత తీస్తున్నాడు. నేను వంటింట్లోకి పరుగెత్తాను. సర్వలోంచి మాడిన అంచు తీసి, వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ తెచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"నేను ఊడ్వలేదు," అన్నాను. "పది దినాలు ఊడ్వలేదు. మూట మెదల్లేదు. దాంట్ల కుందేలు లేదని నాకెరుకే."

ఆయన టిఫిను వైపే చూస్తున్నాడు.

"కాళ్ళెన్ని?"

"నాలుగు."

"జర గట్టిగ జెప్పు. మీ నాయినమ్మకు ఇనవడాలె."

"నాలుగు తాతా," అని అరిచాను. బర్రె తల తిప్పి చూసింది. గడపలో నాయినమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

ఆయన లేచి నాలుగో కాలు పాతాడు. గుండు వేలాడదీసి నిటారు చూశాడు. చేతులు మా బావి నీళ్ళతో కడుక్కుని, నా చేతిలోని అంచు ముక్క తీసుకుని కొరికాడు. "చల్లవడ్డది," అన్నాడు. అయినా పూర్తిగా తిన్నాడు.

ఇక డొల్ల. తల్లినీ పిల్లలనూ అప్పటికే గంపలోకి మార్చాం. అందులో మొరం పోసి, నీళ్ళు కొట్టి, గట్టిగా కుదించమని నాయినమ్మ చెప్పి, నైవేద్యం పనిలో పడింది. ఆయన బోర్లా పడుకుని లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. మోచేయి దాటి, భుజం దాకా పోయింది. లేచి కూర్చున్నాక ఆ ముఖంలో కోపం లేదు, మరేదో ఉంది.

"పూడుస్తవా తాతా? పాపం, అంత కష్టపడి కట్టుకున్నది," అన్నాను.

"సూడు చెవులపిల్లీ. గోడను మోసే మొగురం అడుగుకు పోలే. పక్క నుంచి వంపు దిప్పి, సరిగ నడుమ అర్ర గట్టింది. పైన గింత బరువున్నా వాన వడేదాక జారలే. గుండు లేదు, దారం లేదు." మెల్లగా తల ఊపాడు. "ఇది నాకంటే మంచి సుతారి. ఒక సుతారి పనిల ఇంకో సుతారి చెయ్యి పెట్టొద్దు."

బయటి నోరు మాత్రం రాయితో మూసేశాడు. లోపల కుంగిన చోట ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టే దొడ్డు బండ పరిచి, అంచులు సున్నంతో బిగించాడు. "ఇగ కూరాడు ఏడికి పోదు," అన్నాడు. "మీ నాయినమ్మకు చెప్పకు."

"చెప్ప."

"చిన్నగ మాట్లాడు. గోడకు చెవులుంటయి."

కూరాడు ఆ బండ మీద నాయినమ్మ ఉన్నన్నాళ్ళూ నిలబడింది. ఆమె తర్వాత కూడా చాలా ఏళ్ళు నిలబడింది. కుందేళ్ళు పెరిగి, ఇంటింటికీ పంచగా పంచగా వాడంతా తెల్లబడింది. ఆ బెంగుళూరు పెంకలు పోయి స్లాబు వచ్చింది. కూరాడు ఉన్న చోటికి ఫ్రిజ్ వచ్చింది. దాన్ని జరిపితేనే ఇవాళ ఈ మూల బయటపడింది. సుతారి తాత ఎప్పుడో పోయాడు. ఆయన పోయిన కబురు నాకు నెల తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం సర్వపిండి చేసుకుని, అంచు తినలేక పక్కన పెట్టాను.

"మేడమ్," అన్నాడు టైల్స్ మేస్త్రీ. "కాంక్రీట్ పోసి నింపాల్నా? గిట్ల మోసం జేసి పోయినోని పని మీద టైల్ ఏస్తే నా పేరు పోతది."

"ముందుగాల ఆ మాట వాపస్ తీస్కో," అన్నాను.

"ఏ మాట?"

"మోసమన్నది. మోసం చేసింది ఆయన కాదు, నేను. కూసో, చెప్త."

ఆయన సుత్తె పక్కన పెట్టి, ఫ్రిజ్‌కు ఆనుకుని కూర్చున్నాడు. మొదటి నుంచి చెప్పాను, 'మెదులుతుండె' అన్న దగ్గర కూడా ఆగకుండా. అయిపోయాక ఆయన ఆ బండ మీదికి వంగి, ఈసారి పిడితో కాదు, వేలి కణుపుతో మెల్లగా తట్టి విన్నాడు.

"బండ గట్టిగనే ఉన్నది మేడమ్," అన్నాడు. "కింద పని నాది గాదు. పైన ఏసి పోత."